మీ ప్రశ్న, ఫిజియో జవాబు: కీమో నడుస్తుండగా వ్యాయామమా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రొమ్ము క్యాన్సర్‌కి కీమో ఎక్కించుకుంటున్నవాళ్లవీ, వాళ్ల ఇంట్లోవాళ్లవీ. అందుకే ఈ శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నా. చాలామంది నన్ను 'డాక్టరుగారూ' అని రాశారు. నేను ఫిజియోథెరపిస్టుని. క్యాన్సర్ వార్డులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మధ్యలో ఒక ఆరు నెలలు అదే వార్డులో మంచం మీద ఉన్నాను, అదే జబ్బుతో. కింద రాసినవాటిలో కొన్ని చదివి తెలుసుకున్నవి, కొన్ని పడి తెలుసుకున్నవి.

*ప్రశ్న: నా వయసు 47. రొమ్ముకి ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకోసారి కీమో ఇస్తున్నారు. రెండు అయ్యాయి, ఇంకా ఆరు ఉన్నాయి. ఇంట్లో అందరూ 'కదలకు, పడుకో' అంటున్నారు. మా డాక్టరుగారేమో 'నడవండమ్మా' అని ఒక్క మాట చెప్పి పక్క పేషెంటు దగ్గరికి వెళ్లిపోయారు. ఎంత నడవాలి? ఎప్పుడు నడవాలి? ఉన్న కాస్త ఓపికా నడకకే అయిపోదా?*

జవాబు: ఆయన చెప్పిన ఆ ఒక్క మాటా సరైనదే. మిగతాది చెప్పే తీరిక ఆయనకి దొరకలేదు, అంతే.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నాకు ఈ జబ్బు వచ్చేదాకా నేనూ కీమోలో ఉన్నవాళ్లకి 'రోజూ అరగంట నడవండమ్మా' అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. నా రెండో కీమో అయిన నాలుగో రోజు పొద్దున మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా నడిచాను. పద్నాలుగు అడుగులు. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాను. రెండోసారి ఆగినప్పుడు, నేను అరగంట నడవమన్నవాళ్ల మొహాలు వరసగా గుర్తొచ్చాయి. తల ఊపి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాళ్లు పాపం.

అందుకని మీకు అరగంట అని చెప్పను. మీ 21 రోజుల్ని నాలుగు ముక్కలు చేసి చెప్తాను. గోడకి ఒక క్యాలెండర్ తగిలించి, కీమో ఎక్కించిన రోజుకి 1 అని అంకె వేయండి.

1, 2 రోజులు ఓపిక ఉన్నట్టే ఉంటుంది. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ చేసే మాయ అది. మొదటి కీమో అయిన రాత్రి నిద్ర పట్టక, రెండు గంటలప్పుడు అలమరలోని బట్టలన్నీ దించి సర్దాను. తర్వాత మూడు రోజులు దానికి మూల్యం చెల్లించాను. ఈ రెండు రోజులూ మామూలుగా పదిహేను, ఇరవై నిమిషాలు నడవండి. ఒంట్లో బాగుంది కదా అని ఇంటి పనంతా నెత్తినేసుకోకండి.

3 నుంచి 5, 6 రోజుల దాకా ఓపిక అడుగంటిపోతుంది. అప్పుడు మీ వ్యాయామం అయిదు నిమిషాలు. అది కూడా ఇంట్లోనే, ఈ గదిలోంచి ఆ గదిలోకి, పగలంతా మీద మూడు నాలుగుసార్లు. వాంతి అవుతున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా అదీ వద్దు. మంచం మీదే పాదాలు పైకీ కిందకీ ఆడించండి, చాలు.

7 నుంచి 14 దాకా తమాషాగా ఉంటుంది. ఒంట్లో తేలికపడుతుంది గానీ రోగాల్ని ఎదిరించే తెల్ల కణాలు బాగా పడిపోయేది సాధారణంగా అప్పుడే. నడవొచ్చు, నడక పెంచొచ్చు. జనం ఉన్న జిమ్ముకి మాత్రం వద్దు. పదిమంది చేతులు పడిన డంబెల్ ముట్టుకుని అదే చెయ్యి మొహానికి పెట్టుకోవాల్సిన అవసరం మీకు లేదు. ఆరుబయటో, ఇంట్లోనో చేసుకోండి.

15 నుంచి 21 దాకా మీ వారం. ఈ వారం వదులుకోకండి. ఇరవై, ముప్ఫై నిమిషాల నడకా, కింద చెప్పబోయే బలం పెంచే వ్యాయామాలూ అన్నీ ఇక్కడ పెట్టుకోండి. మందుని బట్టి, మనిషిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతాయి. రోజూ పడుకునే ముందు క్యాలెండర్ గడిలో ఓపికకి పదికి ఎన్ని మార్కులో వేసుకుంటే, మూడో కీమో అయ్యేసరికి మీ అంకెలేవో మీకే తెలుస్తాయి.

ఇక, ఉన్న ఓపిక అయిపోదా అన్నారు. మామూలు అలసట నిద్రపోతే తీరుతుంది. కీమో నీరసం అలా తీరదు. పది గంటలు పడుకుని లేచినా అలాగే ఉంటుందని మీకీపాటికి తెలిసే ఉంటుంది. పైగా పడుకున్నకొద్దీ తొడల కండ కరుగుతుంది. కండ కరిగితే నిన్న వేసిన ఆ పద్నాలుగు అడుగులకే ఇవాళ గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది, దాంతో ఇంకాస్త అలిసిపోతాం, ఇంకాస్త పడుకుంటాం. ఈ సుడిలోంచి బయటపడేసే మాత్ర ఏదీ నాకు కనబడలేదు. కొద్దికొద్దిగా కదలడమే పనిచేసింది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. కెనడాలో కీమోలో ఉన్న 242 మంది మహిళల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. బరువులతో వ్యాయామం చేసినవాళ్లకి, అనుకున్న కీమో మోతాదులో దాదాపు 90 శాతం అందింది. ఏమీ చేయనివాళ్లకి 84 శాతం. నెదర్లాండ్స్‌లో 230 మందితో చేసినది 2015లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నడకా బరువులూ చేయించినవాళ్లలో మందు మోతాదు మార్చాల్సి వచ్చింది 12 శాతానికే, మిగతావాళ్లలో 34 శాతానికి. కీమో వాయిదా పడకుండా, తగ్గకుండా సాగడం ఎంత ముఖ్యమో మీ డాక్టరుగారిని అడగండి, ఆయనకి మాటలు దొరుకుతాయి. అలాగని వ్యాయామంతో గడ్డ కరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. గడ్డ పని మందు చూసుకుంటుంది. ఆ మందుని తట్టుకునే ఒళ్లుని మనం చూసుకోవాలి.

ఎంత వేగం అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతకంటే కొలత అక్కర్లేదు. చేతికి పెట్టుకునే వాచీలో గుండె వేగం చూసి కంగారుపడకండి. రక్తం తగ్గినప్పుడు ఊరికే కూర్చున్నా నాడి వేగంగానే ఉంటుంది, ఆ అంకెల్ని పట్టుకుని వ్యాయామం నడపలేం. వారానికి మూడుసార్లు ముప్ఫై నిమిషాల చొప్పున నడక, రెండుసార్లు బలం పెంచే వ్యాయామం అని అమెరికాలోని క్రీడా వైద్య నిపుణుల సంఘం 2019లో చెప్పింది. అక్కడికి రెండు నెలల్లో చేరినా మంచిదే. కొన్ని వారాలు చేరకపోయినా కొంపేం మునగదు.

*ప్రశ్న: చంకలో 14 లింఫు గ్రంథులు తీసేశారు. ఆ చేత్తో బరువు ఎత్తితే చెయ్యి వాచిపోతుందని ఆపరేషన్ రోజునే చెప్పారు. అప్పట్నుంచి నీళ్ల సీసా కూడా ఎడమ చేత్తోనే పట్టుకుంటున్నాను. ఇప్పుడు మీరేమో బరువులతో వ్యాయామం అంటున్నారు. ఎవరి మాట వినాలి?*

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. ఎందుకంటే మీకు చెప్పిన ఆ మాట నేను కూడా చాలా ఏళ్లు చెప్పాను. అప్పట్లో మాకు నేర్పిందే అది.

1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే క్రీడా వైద్యుడికి ఈ మాట మీద అనుమానం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ వైద్యం పూర్తయిన 24 మందిని పోగుచేసి, నెమ్మదిగా బలం పెంచి, డ్రాగన్ బోటు, అంటే చాలామంది కలిసి తెడ్లు వేసే పొడవాటి పడవ, ఎక్కించి తెడ్లు వేయించాడు. తెడ్డు వేయడమంటే చెయ్యీ భుజమూ మళ్లీ మళ్లీ గట్టిగా లాగే పని, మనం ఏది వద్దన్నామో సరిగ్గా అదే. వాళ్లలో ఒక్కరికి కూడా కొత్తగా చెయ్యి వాయలేదు. తర్వాత అమెరికాలో పెద్ద అధ్యయనాలు జరిగాయి. అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మందితో చేసినది 2009లో వచ్చింది. బరువులెత్తినవాళ్లకి వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి వాపు ముదరడం 14 శాతంలోనే కనబడింది, ఎత్తనివాళ్లలో 29 శాతంలో. వాపు లేనివాళ్లతో చేసినది 2010లో వచ్చింది. మీలాగా అయిదు, అంతకంటే ఎక్కువ గ్రంథులు తీసినవాళ్లని విడిగా చూస్తే, బరువులెత్తినవాళ్లలో 7 శాతానికి వాపు వచ్చింది, ఎత్తనివాళ్లలో 22 శాతానికి. ఈ రెండూ వైద్యం పూర్తయినవాళ్ల మీద చేసినవి. కీమో నడుస్తుండగానే బరువులెత్తించిన 2007 నాటి కెనడా అధ్యయనంలో కూడా దానివల్ల చేతులు వాయలేదు.

ఇందులో కిటుకంతా 'నెమ్మదిగా' అన్న మాటలో ఉంది. ఆర్నెల్లు చెయ్యి కదపకుండా దాచి, ఒకరోజు నిండు సూట్‌కేసు ఎత్తితే వాస్తుంది. నేను చూసిన చేతి వాపులు చాలావరకు ఇలా వచ్చినవే. అరకిలోతో మొదలుపెట్టండి. ఒకసారికి 8 నుంచి 15 సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు ఖాళీ. వరసగా రెండుసార్లు 15 తేలిగ్గా చేయగలిగితేనే బరువు కాస్త పెంచండి. కీమో అయిన వారంలో చేయలేకపోతే, తర్వాతి వారం ఆపినచోట కాకుండా ఒక మెట్టు కింద మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు మానేశాక మళ్లీ అరకిలో దగ్గరికే రండి. ఇక్కడే చాలామంది పౌరుషానికి పోతారు.

ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానాకే, మీ సర్జన్ సరే అన్నాకే ఇవన్నీ. చెయ్యి తల పైదాకా లేవకపోయినా, చంక నుంచి మోచేతి వైపు తీగలా బిగుసుకుని లాగుతున్నా ముందు ఫిజియోథెరపిస్టుకి చూపించి దాన్ని సరిచేయించుకోండి. బరువులు తర్వాత. టైలర్ టేపుతో నెలకోసారి రెండు చేతుల్నీ మణికట్టు దగ్గరా, మోచేతికి కాస్త కిందా, కాస్త పైనా ఒకే చోట కొలిచి రాసుకోండి. రెండు చేతుల మధ్య తేడా రెండు సెంటీమీటర్లకి చేరినా, గాజులూ ఉంగరమూ బిగుతైనా, చెయ్యి బరువుగా అనిపించినా వెంటనే చూపించాలి. ఇప్పటికే వాపు ఉంటే, బరువులెత్తేటప్పుడు చేతికి వేసుకునే బిగుతు తొడుగు వేసుకోండి.

ఇంతా చెప్పి, అసలు వ్యాయామం చేతులది కాదు. కీమోలో ముందు జారిపోయేవి తొడలు. దానికి డంబెల్ కూడా అక్కర్లేదు, కుర్చీ ఉంటే చాలు. చేతులున్న కుర్చీ గోడకి ఆనించండి. అంచుకి జరిగి కూర్చోండి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి. కొంచెం ముందుకి వంగి, ఊపిరి వదులుతూ లేవండి, లేవడానికి రెండు అంకెలు. కూర్చోవడానికి నాలుగు అంకెలు. దబ్బున కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే, తొడలకి పని పడేది కూర్చునేటప్పుడే. ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఎనిమిది. నా మూడో కీమో తర్వాత రెండుసార్లకే కాళ్లు వణికాయి. ఆ రోజు గడిలో 2 అని రాసుకున్నా. ఆఖరి కీమో ముందు రోజు గడిలో 12 ఉంది. ఆ క్యాలెండర్ ఇప్పటికీ పారేయలేదు.

*ప్రశ్న: మా ఆవిడకి కీమో నడుస్తోంది. నడవమంటే నడవదు. గట్టిగా చెప్తే ఏడుస్తుంది. ఎలా ఒప్పించాలి?*

జవాబు: ఒప్పించకండి. మావారు నా ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టి, సాయంత్రం కాగానే 'ఇవాళ ఆరువందలేనా' అనేవారు. మంచి ఉద్దేశమే. మూడో రోజు నేను ఫోను సోఫా దిండు కింద పడేసి మళ్లీ తియ్యలేదు.

మీరు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, 'నేను ఆ మలుపు దాకా వెళ్లొస్తున్నా, వస్తావా' అనండి. వస్తే వస్తారు. రాకపోతే మీరు వెళ్లి రండి, మొహం ముడుచుకోకుండా రండి. రేపు మళ్లీ అడగండి. వచ్చినరోజు మలుపు దాకా వెళ్లి ఆవిడ 'చాలు' అంటే, 'ఇంకొంచెం' అనే మాట మీ నోట రాకూడదు.

అయితే ఒకటి. రెండు వారాలుగా ఆవిడకి దేనిమీదా మనసు పుట్టకపోతే, నిద్ర పూర్తిగా చెదిరిపోయి, మాట తగ్గిపోయి ఉంటే, అది బద్ధకమూ కాదు, కీమో నీరసం ఒక్కటే కూడా కాకపోవచ్చు. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరుకి విడిగా చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

*ప్రశ్న: వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇస్తున్నారు, ఏడు అయ్యాయి. అరికాళ్లలో తిమ్మిర్లు. నిన్న కాలి చెప్పు ఎక్కడో జారిపోయింది, పది అడుగులు వేశాక గానీ తెలియలేదు. నడక మానెయ్యాలా?*

జవాబు: మానక్కర్లేదు. కానీ ఈ చెప్పు సంగతి మీరు నాకంటే ముందు మీ క్యాన్సర్ డాక్టరుకి చెప్పాల్సింది. ఆ మందు నరాల మీద పనిచేస్తుందని వాళ్లకి తెలుసు, తిమ్మిర్లు ముదిరితే మోతాదు తగ్గిస్తారు, లేదా మారుస్తారు. చెప్తే కీమో ఆపేస్తారేమోనని దాచేవాళ్లని చాలామందిని చూశాను. దాచినవాళ్లలో కొందరికి కీమో అయిపోయాక కూడా తిమ్మిరి పోలేదు.

వ్యాయామానికి వస్తే, వెనక పట్టీ లేని చెప్పులు ఇంట్లో కూడా మానేసి, మడమ పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. చీకట్లో, ఎగుడుదిగుడు నేల మీద నడవకండి. రాత్రి బాత్రూమ్ దారిలో లైటు ఉంచండి. నడక భయంగా ఉన్న రోజుల్లో కదలని సైకిల్ మంచిది, పడతామన్న బెంగ ఉండదు. రోజూ పళ్లు తోముకునేటప్పుడు సింకు అంచు మీద ఒక చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద పది అంకెలు నిలబడండి, తర్వాత రెండో కాలు. కళ్లు మాత్రం మూయకండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి. మీకు తెలియకుండానే బొబ్బ లేచి ఉండొచ్చు.

*ప్రశ్న: అసలు ఎప్పుడు చేయకూడదో సూటిగా చెప్పండి. కీమో ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్ పెట్టారు, అదీ భయంగా ఉంది.*

జవాబు: జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకితే వ్యాయామం మాట పక్కన పెట్టి ఆస్పత్రికి బయల్దేరండి, అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, దాన్ని కండరం పట్టేసిందనుకుని రుద్దకండి, నడవకండి, చూపించండి. గుండెలో నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, కళ్లు తిరగడం వస్తే అక్కడికక్కడే ఆపాలి. ప్లేట్‌లెట్లు 50 వేల లోపుంటే బరువులూ గెంతడాలూ మాని మెల్లగా నడవండి. 20 వేల లోపుంటే డాక్టరుని అడగకుండా అదీ వద్దు. హిమోగ్లోబిన్ 8 లోపుంటే కూడా డాక్టరుని అడిగాకే. జబ్బు ఎముకలకి పాకి ఉంటే, ఏ ఎముక మీద ఎంత భారం వేయొచ్చో తేల్చాకే ఏదైనా మొదలుపెట్టాలి, ముఖ్యంగా నడుము మెలితిప్పేవి. డాక్సోరూబిసిన్, అదే మనవాళ్లు ఎర్ర మందు అంటారే, దానికీ, ట్రాస్టుజుమాబ్ అనే మందుకీ గుండె మీద ఒక కన్నేసి ఉంచాలి. ఎకో, అంటే గుండె స్కాను, ఎప్పుడు తీయమంటే అప్పుడు తీయించుకోండి, ఆయాసం కొత్తగా వస్తే 'కీమో నీరసమేలే' అనుకోకండి.

పోర్ట్ సంగతి: పెట్టిన గాయం మానేదాకా ఆ వైపు చేత్తో బరువులొద్దు. మానాక మామూలుగానే కదపొచ్చు. బరువు గానీ, సంచి పట్టీ గానీ దాని మీద ఒత్తుకోకుండా చూసుకోండి. పోర్ట్ కాక చేతి నరంలోంచి వేసిన పిక్ లైన్ అనే సన్నటి గొట్టం అయితే ఈత కొట్టకూడదు, ఆ చేత్తో మాటిమాటికీ గట్టిగా లాగే పనులు చేయకూడదు.

*ప్రశ్న: యోగా చేస్తే చాలదా?*

జవాబు: నిద్రకీ, బెంగకీ, భుజం పట్టేయడానికీ మంచిది. తొడల బలానికి చాలదు. కుర్చీ ఉండనే ఉంది. తల కిందులయ్యే ఆసనాలు ఈ కొన్ని నెలలూ వద్దు.

*ప్రశ్న: చిన్న ప్రశ్న, నవ్వకండి. జుట్టంతా ఊడిపోయింది. విగ్గు పెట్టుకుని నడిస్తే చెమటకి దురద, తీసేస్తే సిగ్గు. ఏం చేయను?*

జవాబు: నవ్వలేదు. మెత్తటి నూలు స్కార్ఫ్ కట్టుకోండి, చెమట పీలుస్తుంది. కీమోలో చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి ఎండలో తల ఎలాగూ కప్పుకోవాలి. నేనైతే తెల్లవారకముందే, ఎవరూ లేవరు కదా అని మేడ మీద బోడి గుండుతోనే నడిచేదాన్ని. అయిదో కీమో తర్వాత అనుకుంటా, ఒకరోజు ఎదురింటి మేడ మీద ఒకావిడ బట్టలు ఆరేస్తూ కనబడింది. తిరిగి కిందకి దిగిపోదామనుకునేలోపే ఆవిడ నావైపు చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఊపాక చూసుకుంటే అది ఆపరేషన్ అయిన చెయ్యి, చెవి దాటి పైకి లేచింది.